అమ్మ చెప్పిన ఐడియా నేను బోర్డు మీద రాయలేదు

‘‘ఇక్కడ చెడ్డ ఐడియా అంటూ ఏదీ ఉండదు. నోటికి ఏదొస్తే అది చెప్పేయండి’’ అన్నాను.

పది నిమిషాల తర్వాత మా అమ్మ ఒక ఐడియా చెప్పింది. నేను నవ్వేశాను. ‘‘అదేం ఐడియా అమ్మా!’’ అని బోర్డు వైపు తిరిగిపోయాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ఖాళీ టీ గ్లాసులు ఏరుకుని బయటికి వెళ్ళిపోయింది.

మనుషుల చేత మాట్లాడించడమే నా ఉద్యోగం. అందుకే ఈ విషయం ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెటూరు. నేను ఉండేది హైదరాబాద్‌లో. కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కొత్త ఆలోచనల కోసం వర్క్‌షాప్‌లు పెట్టుకుంటాయి కదా, వాటిని నడిపిస్తుంటాను. ఒక గది, పదిహేను మంది, రంగురంగుల స్టిక్కీ నోట్లు, నాలుగు మార్కర్లు, మధ్యలో నేను. ఈ మధ్య నన్ను పిలిచేవాళ్ళలో ఎక్కువ మంది పర్యావరణానికి మేలు చేసే వ్యాపారాల వాళ్ళే. చిరుధాన్యాల స్నాక్స్, గుడ్డ సంచులు, గానుగ నూనె, చెత్త నుంచి ఎరువు... ఇలాంటివి. మంచి పని చేయాలని ఉంటుంది, డబ్బులు మాత్రం మిగలవు. ఏం చేద్దామని తల పట్టుకున్నప్పుడు నాలాంటి వాళ్ళని పిలుస్తారు.

అమ్మ మా చుట్టాలకి నా ఉద్యోగం గురించి ఇలా చెప్తుంది: ‘‘మా పిల్ల కంపెనీ వాళ్ళ చేత మాట్లాడిచ్చిద్ది.’’

‘‘మాట్లాడిచ్చేదానికి జీతం ఏందే?’’ అని ఒక అత్త అడిగిందట. అమ్మ దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజుకి నా దగ్గరా లేదు.

నల్ల తామర పురుగు నుంచి మొదలైంది

మా వైపు మిర్చి, పత్తి ఎక్కువని మీకు తెలిసే ఉంటుంది. 2021-22 సీజన్‌లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది. పూలలో చేరి రసం పీల్చేస్తుంది. పూత పూతంతా రాలిపోయింది. ఎవరు ఏ మందు పేరు చెప్తే అది తెచ్చి కొట్టారు. నాన్న కూడా కొట్టాడు. రెండెకరాల కౌలు పొలం, అప్పు మీద తెచ్చిన మందులు. చివరికి అమ్మ మెడలోని నాంతాడు బ్యాంకు లాకర్లోకి వెళ్ళింది.

తర్వాతి ఏడాది అమ్మ మా ఊళ్ళో ప్రకృతి వ్యవసాయం చేసే ఆడవాళ్ళ బృందంలో చేరింది. మన రాష్ట్రంలో 2016లో మొదలైన కార్యక్రమమే ఇది. గుంటూరులో ఆఫీసు ఉన్న రైతు సాధికార సంస్థ దీన్ని నడుపుతుంది. ఊళ్ళల్లోకి వెళ్ళింది మాత్రం ఎక్కువగా డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళ ద్వారానే. 2024లో పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ ప్రైజ్ ఈ కార్యక్రమానికి కూడా వచ్చింది. ఆ వార్త ఫోన్లో చూపిస్తే అమ్మ, ‘‘వాళ్ళకి జీవామృతం తెలుసా?’’ అని అడిగింది.

కషాయాలు కొట్టగానే నల్ల తామర పురుగు మాయమైపోయిందని నేను చెప్పను. అలా చెప్తే అమ్మే ఒప్పుకోదు. కానీ ఖర్చు తగ్గింది. 200 లీటర్ల డ్రమ్ము, పది కిలోల పేడ, ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీద గుప్పెడు మట్టి. రెండు రోజులు కర్రతో కలుపుతూ నీడన ఉంచితే ద్రవ జీవామృతం తయారు. బెల్లానికి, పిండికి తప్ప దేనికీ కొట్టుకెళ్ళక్కర్లేదు.

ఆ ఊపులో 12 మంది కలిసి సంఘం పేరు మీద మూడు లక్షలు లోన్ తీసుకుని సత్తెనపల్లి టౌన్లో ఒక చిన్న కొట్టు పెట్టారు. నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నాస్త్రం, బస్తాల్లో ఘన జీవామృతం. ఇంకా ఇంట్లో పట్టించిన కారం, పసుపు. అందులో ఆరుగురిని ఒప్పించి చేర్చింది అమ్మే.

ఏడాది తిరిగేసరికి కొట్టు మునుగుతోంది. నెలకి ఐదు వేలు అద్దె. కరెంటు వేరే. రోజుకొకరు కూర్చోవాలి కాబట్టి ఆటో ఖర్చు, ఆ రోజు కూలి పోవడం. పైగా లోన్ వాయిదా. సంఘం లోన్ అంటే తెలుసు కదా, ఒకరు కట్టకపోతే మిగతా పదకొండు మంది మీద పడుతుంది. ఒకే వీధిలో ఉండే ఇద్దరు అప్పటికే ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు.

‘‘ఊరందరికీ చేస్తావు కదే, మాకూ ఒకసారి చెయ్యి’’ అంది అమ్మ ఫోన్లో.

స్టిక్కీ నోట్లు, సీలింగ్ ఫ్యాన్

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు పెట్టాను. రామాలయం పక్కన కమ్యూనిటీ హాలు. హైదరాబాద్ నుంచి స్టిక్కీ నోట్లు, మార్కర్లు, చార్టులు తీసుకెళ్ళాను. గోడకి కొట్టిన సున్నం రాలుతోంది, నోట్లు అంటుకోవడం లేదు. ఎలాగో అంటించాక ఎవరో ఫ్యాన్ వేశారు. పసుపు, గులాబీ కాగితాలు హాలంతా ఎగిరాయి. పిల్లలు వాటి వెంట పరిగెత్తారు. అందరం నవ్వుకున్నాం. అంతా బాగానే నడుస్తోంది అనుకున్నాను.

కానీ 12 మందిలో గబగబా రాయగలిగేవాళ్ళు ఐదుగురే. మిగతావాళ్ళు చెప్తే వీళ్ళు రాయాలి. పక్కనున్న మనిషికి చెప్పి రాయించుకునే ఐడియా ఎలా ఉంటుంది? పక్కనున్న మనిషికి నచ్చేలా ఉంటుంది.

అప్పుడే అమ్మ అంది: ‘‘కొట్టు మూసేస్తే?’’

నేను నవ్వింది అప్పుడే. ‘‘మూసెయ్యటం ఐడియా ఎట్టా అయ్యిద్దమ్మా? నిలబెట్టడానికి కదా కూర్చున్నాం!’’

సాయంత్రానికి చార్టు నిండింది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ, పెద్ద బోర్డు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో స్టాల్, కొత్త ప్యాకింగ్... మొత్తం 19 ఐడియాలు. ఫొటో తీసుకుని స్టేటస్ పెట్టుకున్నాను. రాత్రి అమ్మ మామూలుగానే అన్నం పెట్టింది. నేను హాయిగా నిద్రపోయాను.

రికార్డింగ్‌లో వినపడింది

వర్క్‌షాప్ అయ్యాక రిపోర్టు రాసుకోవడానికి మాటలన్నీ ఫోన్లో రికార్డ్ చేస్తాను. వారం తర్వాత హైదరాబాద్‌లో మెట్రోలో వెళ్తూ ఆ రికార్డింగ్ పెట్టుకున్నాను.

ముందు నా గొంతు. చెడ్డ ఐడియా ఉండదు, నోటికొచ్చింది చెప్పండి. తర్వాత అమ్మ గొంతు. తర్వాత నా నవ్వు. ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం.

అక్కడి నుంచి మిగతా అరగంటలో మాట్లాడింది ముగ్గురే ముగ్గురు. అందులో ఒకదాన్ని నేను. ఇంటికెళ్ళి చార్టు ఫొటో తీసి లెక్కపెట్టాను. 19 ఐడియాల్లో 11 నావే.

సొంత తల్లినే అలా కొట్టిపారేసిన అమ్మాయి ముందు, ఇంకెవరు నోరు విప్పుతారు చెప్పండి?

ఆ రాత్రి నేను చేసే పని గురించే మళ్ళీ మొదటి నుంచి చదివాను. ‘బ్రెయిన్‌స్టార్మింగ్’ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలో అడ్వర్టైజింగ్ కంపెనీ నడిపిన అలెక్స్ ఆస్‌బోర్న్. 1953లో వచ్చిన ‘అప్లైడ్ ఇమాజినేషన్’ పుస్తకంలో దాని పద్ధతి వివరంగా రాశాడు. నియమాలు నాలుగు. విమర్శించొద్దు. వింతగా ఉన్నా చెప్పండి. ఎన్ని ఎక్కువైతే అంత మంచిది. ఒకరి ఐడియా మీద ఇంకొకరు కట్టుకుంటూ పోండి. ఇవి నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

నేను పట్టించుకోనిది ఆ తర్వాతి కథ. 1958లో యేల్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. నలుగురు కలిసి కూర్చుని ఆలోచిస్తే ఎన్ని ఐడియాలు వస్తాయి, ఇంకో నలుగురు విడివిడిగా ఆలోచించి చివర్లో కలిపితే ఎన్ని వస్తాయి? విడిగా ఆలోచించినవాళ్ళకే ఎక్కువ వచ్చాయి. ఎందుకని 1987లో జర్మనీలో డీల్, స్ట్రోబ అనే ఇద్దరు పరిశోధకులు వెతికితే పెద్ద కారణం చాలా మామూలుది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. ఆగినప్పుడు తన మాట మర్చిపోతారు, లేదా ‘ఎందుకులే’ అనుకుంటారు. మన ఇళ్ళల్లో కోడళ్ళని అడిగితే ప్రయోగం అవసరం లేకుండానే చెప్పేవారు.

ఇంకో విషయం నన్ను సిగ్గుపడేలా చేసింది. చదువు రానివాళ్ళతో కూర్చుని ఊరి లెక్క తేల్చే పద్ధతులు మన దగ్గరే ఎప్పుడో ఉన్నాయి. నేల మీద ముగ్గుతో ఊరి పటం వేయడం, గింజలతో లెక్కలు పెట్టడం లాంటివి. పీఆర్‌ఏ అంటారు. ఆ పద్ధతుల్ని ప్రపంచానికి తెలిసేలా రాసినవాళ్ళలో ముఖ్యుడైన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి 1991 వరకు పనిచేసింది హైదరాబాద్‌లోనే, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే నగరంలో. నేనేమో మా ఊరికి స్టిక్కీ నోట్లు మోసుకెళ్ళాను.

తెల్లవారుజామున ఒక వాయిస్ మెసేజ్

శివరాత్రికి మళ్ళీ వెళ్ళాను. కోటప్పకొండ తిరనాళ్ళ అయిపోయిన రెండో రోజు రాత్రి ఎనిమిదింటికి అందరం కూర్చోవాలనుకున్నాం. పగలు కుదరదు, మిర్చి కోతలు. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటుకి ఊరంతా దగ్గుతోంది.

ఈసారి ముందురోజే ఒక పని చేశాను. ‘‘కొట్టు గురించి మీకు నిద్ర పట్టనియ్యని విషయం ఒక్కటి చెప్పండి. గ్రూపులో వద్దు, నా నంబరుకి వాయిస్ మెసేజ్ పెట్టండి. నేను ఎవరి పేరూ చెప్పను’’ అన్నాను. రాయక్కర్లేదు. ఎవరి ముందూ లేచి నిలబడక్కర్లేదు. ఎవరి మాట అయ్యేదాకానో ఆగక్కర్లేదు. ఇద్దరికి సొంత ఫోన్లు లేవు, పిల్లల ఫోన్ల నుంచి పంపారు.

అమ్మ నుంచి రాత్రి పడుకునేదాకా ఏమీ రాలేదు. పొద్దున లేచి చూస్తే 4:52కి ఒక మెసేజ్. పక్క గదిలో పడుకున్న నాకు, పెరట్లో నుంచి. వెనక గేదె అరుపు వినిపిస్తోంది.

‘‘అమ్మాయ్... కొట్టు మూసేద్దామంటే సంఘం మూసేద్దామని కాదే. మందు కావాల్సింది ఊళ్ళో. కొట్టు ఉన్నది టౌన్లో. పొద్దున ఆరింటికి కొట్టాల్సిన మందు కోసం తొమ్మిదింటికి తలుపు తీసే కొట్టుకి ఎవడొస్తాడు? వచ్చినా మన నీమాస్త్రం నిన్నో మొన్నో చేసింది అయ్యిండిద్ది. అప్పటికప్పుడు చేసిందానికి ఉన్న పని దానికి ఉండదు. ఆ అద్దె ఎవరికి కడతన్నామో నాకు అర్థం కావట్లా. ఆ రోజే చెప్దామనుకున్నా. నలుగురి ముందు నీ మాట కొట్టేసినట్టు ఉంటదని ఊరుకున్నా.’’

నేను ఆమె మాట కొట్టేశాను. ఆమె మాత్రం నా మాట పోకూడదని నోరు మూసుకుంది.

పెరట్లోకి వెళ్ళాను. పాలు పితుకుతోంది. ‘‘సారీ అమ్మా’’ అన్నాను. ‘‘దేనికే? ఆ చెంబు ఇటియ్యి’’ అంది. అంతే.

కొట్టుని ముంచేదెట్టా?

ఆ రాత్రి కూర్చోగానే నేను అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఈ కొట్టుని ఆరు నెలల్లో దివాలా తీయించాలి. ఏం చేద్దాం?’’

మంచి ఐడియా చెప్పమంటే మనుషులకి భయం. చెడగొట్టే ఐడియా చెప్పమంటే అందరూ నిపుణులే. మొదట నవ్వులు, తర్వాత ఒకటే వరద.

‘‘మరిదికి అరువియ్యాలి!’’

‘‘పాతబడ్డ కషాయం కొత్తదని అమ్మాలి!’’

‘‘వానొస్తే కొట్టు తియ్యకూడదు!’’

‘‘లెక్కల పుస్తకం ఒకరే రాసి ఇంకెవరికీ చూపియ్యకూడదు!’’

ఆఖరి మాటకి నవ్వు కాస్త తగ్గింది. అన్నీ అయ్యాక అడిగాను: ‘‘వీటిల్లో ఇప్పటికే ఎన్ని చేస్తున్నాం?’’ ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దావిడ, ‘‘ఒక్కటీ వదల్లేదు కదే పాపా’’ అంది. ఈసారి నవ్వు ఆగలేదు. ఎదురుపడితే తల తిప్పుకునే ఆ ఇద్దరు కూడా నవ్వారు.

అరువు సంగతి తేలిగ్గా తీసేసేది కాదు. పురుగుమందుల షాపుల్లో పంట చేతికొచ్చేదాకా అరువు ఇస్తారు. రైతు అక్కడికే వెళ్ళడానికి అదే పెద్ద కారణం. వీళ్ళు నగదు అంటే రైతు రాడు. అరువిస్తే వీళ్ళ దగ్గర నిలిచే డబ్బు లేదు. ఇది ఇన్‌స్టాగ్రామ్ పేజీతో తీరే సమస్య కాదని అప్పటికి గానీ నాకు తలకెక్కలేదు.

తర్వాత ముగ్గుపిండి తెప్పించాను. మొదటి వర్క్‌షాప్‌లో ఒక్క మాటా మాట్లాడని ఒక అక్క లేచి హాలు మధ్యలో ఊరి పటం వేసింది. కాలవ, గుడి, మూడు బజార్లు, పక్కనున్న రెండు ఊళ్ళు, దూరంగా టౌన్లో మన కొట్టు. పోయిన రెండు నెలల్లో మందు కొన్న ప్రతి మనిషికీ ఒక చింతపిక్క, ఆ మనిషి ఉండే చోట పెట్టమన్నాను. అరగంట పట్టింది. చివర్లో చూస్తే మా ఊరి బజార్లలో, పక్క ఊళ్ళల్లో గుంపులు గుంపులుగా పిక్కలు. టౌన్లో నాలుగు.

ఎవరూ ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. ఐదు వేల అద్దె ఆ నాలుగు పిక్కల కోసం.

చివరికి ఓటింగ్. నాలుగు కుండలు, ఒక్కోదాని మీద గుడ్డ కట్టి చెయ్యి పట్టేంత సందు. కొట్టు ఇలాగే నడపడం ఒకటి. పెద్దది చేయడం రెండు. కొట్టు తీసేసి ఊళ్ళోనే ఆర్డరు మీద చేసివ్వడం మూడు. మొత్తం ఆపేయడం నాలుగు. మనిషికి మూడు పిక్కలు, ఎలా కావాలంటే అలా వేసుకోవచ్చు. ఎవరు దేంట్లో వేశారో కనపడదు. 36 పిక్కల్లో మూడో కుండలో 21, మొదటి దాంట్లో 8, రెండో దాంట్లో 2, నాలుగో దాంట్లో 5.

పాత నేనైతే 21కి చప్పట్లు కొట్టి, సెల్ఫీ దిగి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి ఆ ఐదు పిక్కల దగ్గర ఆగాను. ‘‘ఎవరు వేశారని అడగను. ఈ ఐదు పిక్కలకి భయం ఏంటి?’’ అన్నాను. కాసేపటికి మాట బయటికొచ్చింది. లోన్. మూసేసినా తెరిచినా వాయిదా ఆగదు కదా అని. ఆ రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని వేసింది ఐడియాలు కాదు, అప్పు లెక్క. తప్పుకోవాలంటే ఎంత కట్టాలి, ఎప్పటిలోగా అని ముందే రాసుకున్నారు. లెక్కల పుస్తకం రెండు నెలలకొకరి చేతికి మారాలన్నది కూడా అప్పుడే తేలింది.

ఇప్పుడెలా ఉంది?

ఏప్రిల్ ఆఖరుకి కొట్టు ఖాళీ చేశారు. ఇప్పుడు ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే పొద్దున పొలం దగ్గరికి మందు వెళ్తుంది. బ్రహ్మాస్త్రం, అగ్నాస్త్రం కాచి వడగట్టి కొన్ని నెలలు దాచుకోవచ్చు కాబట్టి అవి స్టాకు ఉంచుతారు. నీమాస్త్రం, జీవామృతం ఆర్డరుని బట్టి చేస్తారు. సగం డబ్బు ముందే, మిగతాది కోతలప్పుడు. అరువు పూర్తిగా పోలేదు, సగమైంది.

అద్భుతం ఏమీ జరగలేదు. ఒకరు తప్పుకున్నారు, మాట ప్రకారం కట్టే వెళ్ళారు. లోన్ ఇంకా సగం ఉంది. కానీ వాయిదా తప్పలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే డ్రమ్ములో కర్ర తిప్పుతున్నారు, మాట్లాడుకుంటూనో, పోట్లాడుకుంటూనో. మాట్లాడుకోకపోవడం కంటే అదే నయం.

ఒకసారి అమ్మ అడిగింది. ‘‘నీ కాగితాల్లో సుస్థిరం, సుస్థిరం అని రాసుంటది, అంటే ఏందే?’’

‘‘పది కాలాలు నిలబడేదమ్మా.’’

‘‘కొట్టు నిలబడాలా, మనుషులు నిలబడాలా?’’

నేను ఆ ప్రశ్నని ఇప్పుడు ప్రతి వర్క్‌షాప్‌కీ ముందు నన్ను పిలిచినవాళ్ళని అడుగుతాను. మీరు నిలబెట్టాలనుకుంటున్నది ఏంటి? షాపా, బ్రాండా, చేస్తున్న పనా? చాలామంది వెంటనే చెప్పలేరు.

మీ ఆఫీసులోనో, కాలేజీ క్లబ్బులోనో, ఊరి సంఘంలోనో మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు నలుగురిని కూర్చోబెట్టి ఐడియాలు అడగాల్సి రావచ్చు. అప్పుడు ఒక పని చేయండి. అందరూ కలవకముందే ఒక్కొక్కరి దగ్గర విడిగా తీసుకోండి, వాయిస్ మెసేజ్ చాలు. అయ్యాక లిస్టులో మీ ఐడియాలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. సగం దాటితే మీరు మీటింగ్ పెట్టలేదు, ఉపన్యాసం ఇచ్చారు.

పోయిన వారం హైదరాబాద్‌లో ఒక కంపెనీలో వర్క్‌షాప్. కొత్తగా చేరిన ఒకమ్మాయి మెల్లగా, ‘‘అసలు ఈ ప్రొడక్ట్ ఆపేస్తే?’’ అంది. వాళ్ళ మేనేజర్ నవ్వాడు. అచ్చం నా నవ్వే. నేను మార్కర్ తీసుకుని బోర్డు మీద అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో అది రాశాను. ‘‘ఎందుకు అనిపించిందో చెప్పండి, వింటున్నాం’’ అన్నాను. ఆ అమ్మాయి పది నిమిషాలు మాట్లాడింది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

‘‘ఇయ్యాల ఎవరి చేత మాట్లాడిచ్చావే?’’

ఆ అమ్మాయి సంగతి మొత్తం చెప్పాను. అంతా విని అమ్మ, ‘‘పాపం, బాగానే చెప్పింది కదా’’ అంది. తర్వాత, ‘‘సరే, బియ్యం కడగాలి, ఉంటా’’ అని పెట్టేసింది.